తిన్లేదు సామీ, రుచి సూసినా

పోయిన నెల తిరుపతిలో ఒక స్కానింగు సెంటర్లో నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కడుపు మీద చల్లటి జిగురు పూసి, ఒక డాక్టరమ్మాయి తెర వైపు చూస్తూ పెదవి విరిచింది. మా మనవరాలి వయసుంటుంది. "లివర్‌లో ఫ్యాట్ ఉంది అంకుల్" అంది. తర్వాత మా ఆవిడ తలుపు బయటే ఉందని రూఢి చేసుకుని, గొంతు తగ్గించి, "డ్రింక్స్ అలవాటుందా?" అని అడిగింది.

నాకు నవ్వాగలేదు. కడుపు ఊగి ఆ పిల్ల చేతిలోని యంత్రం జారిపోయింది. "కదలకండి అంకుల్" అని విసుక్కుంది. పాపం, ఆమెకేం తెలుసు! నలభై ఏళ్ళు డాక్టరుగిరీ వెలగబెట్టినవాణ్ణి. అదే ప్రశ్న, అదే తగ్గించిన గొంతుతో ఎంతమందిని అడిగానో లెక్కలేదు. కానీ నాకు నవ్వొచ్చింది అందుక్కాదు. ఆ మాట వినగానే చిత్తూరులో నా చిన్న క్లినిక్కులో, ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఒక మనిషి మొహం కళ్ళ ముందుకొచ్చింది. "సామీ, నన్నా అడగతా ఉండావు ఆ మాట?" అని చెవుల దాకా ఎర్రబడిన మొహం. ఆయన పోయి రెండేళ్ళు. అప్పుడు మోకాలి ఆపరేషనయి నేను మంచం మీదుండి, కడచూపుకు కూడా పోలేకపోయాను.

ఎనభైల మొదట్లో నేను చిత్తూరులో బోర్డు కట్టుకున్నాను. చదువు కొత్త, తల పొగరు అంతకన్నా కొత్త. అప్పటికి ఆయనకు నలభై అయిదు దాటి ఉంటాయి. బెల్లం మండీలో రుచి చూడటం ఆయన ఉద్యోగం. అవును, అదే ఉద్యోగం. చుట్టుపక్కల పల్లెల నుంచి రైతులు బండ్లలో బెల్లం తెచ్చి దింపితే, ఆయన ఒక్కొక్క దిమ్మె దగ్గరా వంగి, చిన్న ఇనుప చీలతో కాస్త గిల్లి, నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. రైతూ, కొనేవాడూ ఊపిరి బిగబట్టి ఆ మూసిన కళ్ళ వైపే చూసేవాళ్ళు. తీర్పు వచ్చేది.

"సున్నం ఒక పిడికెడు ఎక్కువేసినావప్పా."

"ఇది ఉప్పునీళ్ళ బాయి కింది చెరుకు. అవునా కాదా?"

"రేయ్, రసం కాంచే పెనం మాడినాది. మాడినాక నీళ్ళు సల్లినావు. నాకాడనా నీ ఆట?"

ఆయన మాట తప్పిందని ఎవరూ అనగా వినలేదు.

ఆ నాలుకను ఆయన చూసుకున్నంత పదిలంగా ఇంకెవరూ ఏదీ చూసుకుని ఉండరు. కాఫీ తాగడు, మొద్దుబారుతుందని. వక్కాకు వేయడు. బీడీ సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దున మండీకి పోయే ముందు ఊరుబిండి పచ్చడిలో కారం కూడా తగ్గించి పెట్టమనేవాడట ఇంట్లో. ఒకసారి మా ఇంటికొచ్చి మజ్జిగ తాగి, "అమ్మా, ఈ చట్టిలో నిన్న రసం కాంచినారు గదా" అన్నాడు. మా ఆవిడ ఆ చట్టిని మూడుసార్లు తోమింది. ఆ తర్వాత ఆయనొస్తున్నాడంటే చాలు, ఆమెకు హడలు.

ఆయనకు ఇంకో పని ఉండేది. జీతం లేని పని. సాయంత్రం మండీ నుంచి ఇంటికి పోయే దారిలో సారా అంగడి ఉంది. దాని ముందు నిలబడి, లోపలున్న వాళ్ళను పేరుపేరునా తిట్టేవాడు. మామూలు తిట్లు కాదు. "రేయ్, నీ బిడ్డకి జొరమొచ్చి నాలుగు దినాలాయె, మాత్ర కొనిచ్చినావురా?" అని అడిగేవాడు. గ్లాసులు వీపుల వెనక్కి పోయేవి. శనివారం భజనలో తాళాలు ఆయనవే. తాళం సరిగా పడేదో లేదో నాకు తెలియదు గానీ, ఆ గట్టి చప్పుడులో పక్కవాళ్ళ అపస్వరాలు వినపడేవి కావు, అది మాత్రం నిజం.

అట్లాంటి మనిషి ఒకరోజు కడుపులో కుడి వైపు బరువుగా ఉందని నా దగ్గరికొచ్చాడు. పడుకోబెట్టి చెయ్యి పెట్టి చూస్తే పక్కటెముకల కింద లివర్ నాలుగు వేళ్ళు దిగి ఉంది. అప్పట్లో మా ఊళ్ళో స్కానింగెక్కడిది? మద్రాసుకు పంపించాను. అక్కడ సూదితో లివర్ ముక్క పిసరంత తీసి చూసి, కణాల నిండా కొవ్వుందని, మందు అలవాటు గురించి విచారించమని రాసి పంపారు.

విచారించడానికేముంది? నేను చదివిన పుస్తకంలో లివర్‌లో కొవ్వంటే తాగుబోతు అన్నట్టే ఉండేది. వేరే కారణాలు కూడా ఉన్నాయని చిన్న అక్షరాల్లో రాసి ఉంటే, పరీక్షలో రావులే అని దాటేసి ఉంటాను.

"ఏమప్పా, ఎన్నాళ్ళ నుంచి తాగతావుండావు?" అన్నాను.

తాగుతావా అని కూడా అడగలేదు నేను. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. ఇప్పటికీ తలచుకుంటే చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

"సామీ, నన్నా అడగతా ఉండావు ఆ మాట? నాలికతో బతికేవాణ్ణి. దాని మీద సారా పోసుకుంటానా?"

ఎంత మంచి జవాబది! కంసాలి కంట్లో కారం కొట్టుకుంటాడా అన్నట్టు అడిగాడు. నాకది చెవికెక్కలేదు. తాగేవాళ్ళందరూ ఇట్లాగే అంటారులే అనుకుని, చీటీ మీద 'మద్యం?' అని రాసి ప్రశ్నార్థకం పెట్టాను. నా కాంపౌండరు ఆ చీటీ చూశాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దు గూకేలోపల చిత్తూరంతా పాకిపోయింది, బెల్లమాయన దొంగచాటుగా తాగుతాడని.

ఆ సాయంత్రం ఆయన సారా అంగడి ముందుకు రాగానే లోపలి నుంచి ఒకడు బయటికొచ్చి, భుజం మీది తువ్వాలు తీసి బల్ల దులిపాడట. "రాండి మామా, కూసోండి. ఇన్ని దినాలు యాడ కూసోని తాగినారో ఏమో, మమ్మల్ని మరిసిపోతిరే!" అన్నాడట. లోపలున్నవాళ్ళంతా ఒకటే చప్పట్లు. వారం తిరక్కుండానే భజనవాళ్ళు కూడా మర్యాదగా, "కొన్నాళ్ళు తాళాలు వేరేవాళ్ళు పట్టుకుంటారులే అన్నా, మీకు ఒళ్ళు బాగలేదు గదా" అన్నారు.

ఆయన మళ్ళీ నా దగ్గరికొచ్చాడు. మనిషి సగమైపోయి ఉంటాడనుకున్నాను. కోపంతో రెండింతలై వచ్చాడు.

"ఊరు ఏమన్నా అనుకోనీ సామీ. ఊరికి నోరుండాది, అనుకుంటాది. మా ఇంట్లో ఆమె నన్ను ఏమీ అడగలేదు. తాగినావా అని ఒక్క మాట అడిగింటే, లేదమ్మే అని సెప్పేవాణ్ణి. అడగలేదే! సంగటి పెడతాది, నీళ్ళిస్తాది, గమ్మునుంటాది. అడక్కుండా ఉండాదంటే నమ్మేసినట్టే గదా? అడగని మాటకి నేనేమని జవాబు సెప్పేది?" అన్నాడు. "నువ్వు రాసినావు. నువ్వే కొట్టెయ్యల్ల."

అప్పుడు మొదటిసారి నాకు అనుమానమొచ్చింది, ఈయన మీద కాదు, నా మీద. తాగుడు మాట అట్లుంచి ముందు ఆ కొవ్వు సంగతి చూద్దామని నెయ్యి, నూనె, వేరుశనగలు అన్నీ మానమన్నాను. మూడు నెలలు నూనెచుక్క తాకలేదాయన. ఒట్టి సంగటి, చింతాకు పులుసు. తర్వాత రక్తం తీద్దాం, ఏమీ తినకుండా రమ్మన్నాను.

"ఎల్లుండి ఏకాదశి సామీ. ఆ పొద్దు నేను నీళ్ళు తప్ప ముట్టను."

ఏకాదశి నాడు పది గంటలకు మండీ నుంచే వచ్చాడు. రక్తం తీసి గొట్టంలో పోసి నిలబెట్టాను. కాసేపటికి ఎర్రటిది కిందికి దిగింది. పైన తేరుకున్నది లేత పసుపు రంగులో తేటగా ఉండాలి. తెల్లగా ఉంది. పాలు పోసినట్టు తెల్లగా. కొవ్వు తిన్నవాడి రక్తం అట్లా ఉంటుంది, మరి ఈయన మూడు నెలలుగా కొవ్వు మొహం చూడలేదు.

ఆయన ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. "పాలు పొయ్యకుండానే మీగడ యాడ్నుంచి వచ్చె సామీ?" అన్నాడు.

"ఉపవాసం నిజమేనా?" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపుకు నేను గొట్టం తీసుకుని లోపలికి పోయాను.

ఇంక అసలు సంగతి. నాలుగు రోజుల తర్వాత మా ఆవిడ కజ్జికాయలకు మంచి బెల్లం తెమ్మని నన్ను మండీకి తరిమింది. అంతవరకు నేను ఆయన పనిని గురించి విన్నానే గానీ కళ్ళారా చూడలేదు. ఒక బస్తా మీద కూర్చుని చూస్తున్నాను. ఒక దిమ్మె దగ్గర గిల్లాడు, నోట్లో వేసుకున్నాడు. ఇంకో దిమ్మె, ఇంకో ముక్క. రైతు ఒప్పుకోకపోతే మళ్ళీ అదే దిమ్మె ఇంకో పక్క నుంచి. కొనేవాడికి అనుమానమొస్తే ఇంకోసారి. బండి వెనక బండి. నా కాలు తిమ్మిరెక్కింది గానీ ఆయన నోరు మాత్రం ఆగలేదు.

లేచిపోయి చెయ్యి పట్టుకున్నాను. "ఏమప్పా ఇది?"

"ఏంది సామీ?"

"పొద్దున్నించి తింటానే ఉండావే!"

"తిన్లేదు సామీ, రుచి సూసినా" అన్నాడు. దాపరికం లేదు ఆ మొహంలో. పసిబిడ్డ మొహం.

"ఏకాదశి నాడు కూడానా?"

"పనికి ఏకాదశి ఉండాదా? బండ్లొస్తాయి గదా. రుచి సూసేది తినేదాని కింద రాదు సామీ. మా నాయన కూడా అంతే. ఆయనా ఏకాదశులు తప్పలేదు, మండీ తప్పలేదు."

చుట్టూ ఉన్న దళారులు, రైతులు, అందరూ అవునన్నట్టు తలలూపారు. ఆ మండీలో తరతరాలుగా ఉన్న ధర్మమది. కూర్చుని ఆకులో పెట్టుకుంటే తిండి. నిలబడి నాలుక మీద వేసుకుంటే పని. నేను నెలల తరబడి ఏం తిన్నావు, ఏం తాగావని అడుగుతూ వచ్చాను. ఆయన ఒక్క అబద్ధమూ చెప్పలేదు.

"మరి ఉమ్మేయొచ్చు గదా?" అన్నాను.

ఒక ముసలి రైతు నెత్తి మీది గుడ్డ సర్దుకుని, "లచ్చిమిని ఉమ్మతారా నాయనా?" అన్నాడు, నన్ను చూసి జాలిపడుతూ.

సరే, వాదించి లాభం లేదని ఒక ఖాళీ డబ్బా తెప్పించి ఆయన పక్కన పెట్టాను. "రేపు నువ్వు నోట్లో వేసుకున్నప్పుడల్లా అంతే ముక్క ఇందులో కూడా వెయ్యి. సాయంత్రం నేనొస్తా" అన్నాను. మరునాడు నేను పోయేసరికి ఆయన డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తూస్తే అర కిలో దాటింది.

"ఇదంతా నాలోకే పోయినాదా?"

"ఇది ఈ ఒక్క పొద్దు లెక్కే."

"మరి బెల్లంలో నెయ్యి లేదు గదా సామీ. కొవ్వెట్లా అయ్యె?"

నేను మొదలుపెట్టాను. తీపి రక్తంలోకి పోతుంది, లివర్ దాన్ని పట్టుకుంటుంది, కొంత దాచుకుంటుంది, దాచుకునే జాగా నిండితే మిగిలిన తీపిని అదే కొవ్వుగా మారుస్తుంది అంటూ, మధ్యలో ఇంగ్లీషు పేర్లు, యాసిడ్లు, నా పాండిత్యమంతా ఒలకబోశాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"ఉండు సామీ. చెరుకు రసం నిలవ ఉండదు. పొద్దున పిండింది మాపటికి పులిసిపోతాది. అందుకని కాంచి బెల్లం పోస్తాం. బెల్లమైతే ఏడాదైనా ఉంటాది. నా కార్జం సేసిందీ అదేనా? నిలవుండని తీపిని నిలవుండే కొవ్వు సేసి పెట్టుకున్నాదా?"

అయిదేళ్ళు చదివినా ఇంత శుభ్రంగా నాకెవరూ చెప్పలేదు.

"అంతే" అన్నాను.

"సేసి, కొంత రక్తంలోకి తోలతా ఉండాది, అదే ఆ మీగడ. తోలలేంది గిడ్డంగిలో పేరస్తా ఉండాది."

"అంతేనప్పా, అంతే."

ఆయన కుడి పక్క పొట్ట మీద మెల్లగా చెయ్యి వేసుకుని నిమిరాడు. "పాపం సామీ ఇది. దీంది తప్పేముండాది? రేయింబగళ్ళు పెనం దించకుండా కాంచతానే ఉండాది. మోయలేనంత చెరుకు తోలినోణ్ణి నేను. మీరేమో దాన్ని తాగుబోతంటిరి" అన్నాడు. తన మీద వేసిన నింద కన్నా తన లివర్ మీద వేసిన నిందకే ఎక్కువ నొచ్చుకున్నట్టు కనిపించాడు. నేను అక్కడే, రైతుల ముందే, తప్పయిపోయిందప్పా అన్నాను. అంత సుఖంగా నేను జీవితంలో ఎప్పుడూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

మరి పని ఎట్లా? నాలుకే కదా జీవనం! ఆయన పెద్దగా బాధపడలేదు. మూడు రోజులు ఆలోచించి కొత్త పద్ధతి పట్టాడు. దిమ్మెను వేళ్ళతో కొట్టి చెవి పెట్టేవాడు. గిల్లి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసేవాడు. అప్పటికీ తేలకపోతే ముక్క తీసి గోడవారన చీమల బారు పక్కన పెట్టేవాడు. "రంగు రావాలని మందు పోసింటే ఇవి పక్కకి పోతాయి సూడు. వీటికి మొగమాటం లేదు" అనేవాడు. చీమలు నిజంగా అంత తెలివైనవో కాదో నాకు తెలియదు. రైతులకు మాత్రం ఆయన నాలుక కన్నా ఆ చీమలంటేనే భయం పట్టుకుంది. గొడవ పడితే ఆయన ఒక్క ముక్క నోట్లో వేసుకునేవాడు. రోజుకు ఒక్కటంటే ఒక్కటే. దాన్ని మాత్రం తిన్నాననే చెప్పుకునేవాడు. ఏకాదశి నాడు అదీ లేదు.

ఆరేడు నెలల్లో పొట్ట తగ్గింది. లివర్ పక్కటెముకల లోపలికి సర్దుకుంది. గొట్టంలో రక్తం తేటపడింది. ఆ రోజు ఆయన గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని, "ఇదీ రకమంటే సామీ. మొదటి రకం" అని దానికీ తీర్పు చెప్పాడు. తర్వాత జేబులోంచి శుభ్రమైన కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

"రాయి."

"ఏం రాయాల?"

"నేను తాగలేదని. ముద్ర వెయ్యల్ల. పచ్చ ఇంకుతో రాయల్ల, అప్పుడే నమ్ముతారు."

రాశాను. 'ఈయన మద్యం ముట్టరు. ఈయన లివర్‌లో చేరిన కొవ్వు, ఈయన తిన్న బెల్లంతో ఈయన లివరే తయారుచేసుకున్నది. ముందు నేను అనుమానించినది నా తప్పు.' కింద సంతకం, ముద్ర. ఆయన ప్రతి మాటా నా చేత చదివించుకున్నాడు. 'బెల్లం' దగ్గర ఆపి, "తిన్న అని వద్దు. రుచి సూసిన అని రాయి" అన్నాడు. కొట్టేసి అట్లాగే రాశాను.

ఆ చీటీకి అద్దం కట్టించి మండీలో దేవుడి పటం పక్కన తగిలించాడు. తాళాలు మళ్ళీ ఆయన చేతికొచ్చాయి. సాయంత్రం సారా అంగడి ముందు తిట్లూ మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి అదనంగా ఒక మాట చేరింది: "రేయ్, తాగకుండానే నా కార్జం వాసిందే, తాగే మీదెట్లుంటాదో సూసుకోండిరా!" కొన్నాళ్ళకు పెళ్ళి భోజనాల్లో రెండో లడ్డు వేయించుకునే ప్రతివాడినీ పట్టుకుని పెనం సంగతి, రసం సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. వంటవాళ్ళు ఆయన్ను చూస్తే గరిటె దాచుకునేవాళ్ళు.

స్కానింగయిన మరుసటి ఆదివారం నేను బస్సెక్కి చిత్తూరు పోయాను. ఆయన భార్యకు ఎనభై దాటాయి. వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉంది. ఆ అద్దం కట్టిన చీటీ ఇప్పుడు ఇంట్లో, ఆయన ఫోటో పక్కన ఉంది. పచ్చ ఇంకు వెలిసిపోయింది. నా రిపోర్టు సంగతి చెబితే పళ్ళు లేని నోటితో పడిపడి నవ్వింది.

"నిన్నూ అడిగినారా నాయనా, తాగతావా అని! ఆయనుండింటే ఈదంతా సాటింపు ఏసేవాడు."

నవ్వు తగ్గాక నేను నలభై ఏళ్ళుగా మోస్తున్న మాట అడిగేశాను. "అమ్మా, ఆ దినాల్లో నా చీటీ వల్ల నువ్వు కూడా ఆయన్ని అనుమానించినావా? నువ్వు ఏమీ అడగలేదని ఆయన శానా కుమిలిపోయినాడు."

ఆమె చేతిలో కాయ చిటుక్కుమని పగిలింది.

"తెలిసిన మాట అడిగేదెందుకు నాయనా? దినామూ ఆయన తువ్వాలు ఉతికేది నేను. బెల్లం వాసన తప్ప ఇంకో వాసన యాడుండాది దానికి? ఆయన తాగలేదని నాకు తెలుసు. తిన్నాడనీ తెలుసు. నన్నెవురడిగినారు? నువ్వడిగినావా?"

అడగలేదు నేను.

"మరి ఆయనకైనా చెప్పొచ్చు గదమ్మా, నాకు ముందే తెలుసని?"

"సెప్దామనే ఉంటి" అందామె. "నువ్వు రాసిచ్చిన పొద్దు ఆ కాయితం ఎత్తుకోని ఇంట్లోకి ఉరుక్కుంటా వచ్చినాడు. నన్ను కూసోబెట్టి, ముద్ర కాడి దాకా సదివి వినిపించినాడు. 'సూసినావా అమ్మే, ఇప్పుడన్నా నమ్మతావా?' అన్నాడు. ఆ మొగం సూసినాక, నాకు ముందే తెలుసని ఎట్లా సెప్పేది? నమ్మినానులే అంటి."

పొట్టు ఊదేసి గింజలు నా చేతిలో పోసింది. దాంతోపాటు బెల్లం ముక్క కూడా ఇవ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని తన నోట్లో వేసుకుంది.

చీకటి పడేసరికి ఇల్లు చేరాను. రిపోర్టు వారంగా బల్ల మీదే పడి ఉంది, మా ఆవిడ దాన్ని గురించి ఇంతవరకు నన్నొక్క మాట అడగలేదు. అడగడం లేదే అని ఆ వారమంతా లోపల్లోపల నలిగిన మాట నిజం. ఆమె కాఫీ తెచ్చి పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒక గుక్క తాగాను. చక్కెర లేదు.